పేరు చెప్పి లోపలికి వెళ్లిన మనిషి

లామెక్ మటేవెరేను మొదట అనుమానించింది నేనే. తరువాత కాలేజీ అంతా అనుమానించింది కనుక నా వంతు అందులో కలిసిపోయి ఎవరికీ విడిగా కనబడలేదు. ఉద్యోగం మానేసి ఇప్పటికి పదకొండేళ్లు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, చదువుతున్న పేజీలోకి అప్పుడప్పుడు ఆ మనిషే నడిచి వస్తున్నాడు. అతని గురించి నాకు తెలిసినంత మేరకు రాసి పెట్టడం మేలనిపించింది.

మా జోంబా టీచర్ల కాలేజీకి అతను వచ్చింది జూన్ నెలలో. నాలుగు రోజులుగా కొండ మీంచి చలికాలపు చిపెరోనీ తుంపర దిగుతూనే ఉంది. లైబ్రరీ గుమ్మంలో నిలబడి రెండు అరచేతులూ మెత్తగా తట్టి "ఓడీ" అని పిలిచాడు. నేను రమ్మనేదాకా గడప దాటలేదు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం ముందుకి వంగి ఉన్నాడు. కోటు జేబులు రెండూ ఉబ్బి ఉన్నాయి. ఒకదాంట్లో కేబుల్ చివర్లు బిగించే పటకారు, ఇంకోదాంట్లో టార్చిలైటూ బడిపిల్లల నోటుపుస్తకమూ.

"మాయి లికాకు మీరేనా? కంప్యూటర్లు చూసుకోవడానికి కొత్తగా వేశారు నన్ను."

"వాటికేం, జబ్బు చేసిందా?"

"ఇంకా తెలీదు మాయి. ముందు నాడి చూడాలి కదా."

ఆ మాట నచ్చింది. నచ్చింది కాబట్టే జాగ్రత్తపడ్డాను. ముప్ఫై ఏళ్లు లైబ్రరీలో పనిచేసినదాన్ని. మాయి అనీ బంబో అనీ, అంటే అమ్మగారూ అయ్యగారూ అంటూ, మర్యాదగా మాట్లాడి పుస్తకం తీసుకెళ్లినవాళ్లే పేజీలు చింపుకుని తిరిగిచ్చేవాళ్లు.

అతని సంగతులు కొంచెం కొంచెంగా తెలిశాయి. తండ్రి బలాకాలో రైలు సిగ్నళ్లు బాగుచేసేవాడట. ఇతను సరస్సు పక్కన ఒక మిషన్ ఆసుపత్రిలో స్టోరు గుమాస్తాగా చేరాడు. అక్కడికి ఎవరో దానంగా పంపిన పాత కంప్యూటర్లు వచ్చాయి. వాటి మీదున్న సాఫ్ట్‌వేర్‌కి ఏటా సొమ్ము కట్టాలి, కట్టే నాథుడు లేడు. అవన్నీ మూలన పడి ఉంటే ఒక నర్సు డబ్బు కట్టనక్కర్లేని లైనక్స్ ఉన్న డిస్కు ఒకటి ఇతని చేతిలో పెట్టిందట. నేర్పేవాళ్లు లేరు.

"నేర్పేవాళ్లు లేకపోతే ఎలా వచ్చింది?" అని అడిగాను ఒకసారి.

"దాని పుస్తకం దాంట్లోనే ఉంటుంది మాయి. ఏ కమాండ్ గురించి తెలుసుకోవాలన్నా దాని ముందు 'మ్యాన్' అని కొడితే చాలు, తన కథంతా తనే చెప్పుకుంటుంది. మూడేళ్లు అవే చదివాను."

చదివే మనిషన్నమాట. మా లైబ్రరీలోనూ పుస్తకాలు తీసుకునేవాడు. పడవల గురించి, తేనెటీగల గురించి, పాత సర్వేయర్ల ప్రయాణాల గురించి. తిరిగి ఇచ్చాక ప్రతి పేజీ వెలుతురుకి పట్టి చూసేదాన్ని. ఒక్కటంటే ఒక్క మడత ఉండేది కాదు. అదీ అనుమానంగానే ఉండేది.

మా కాలేజీలో పరీక్ష మార్కులన్నీ ఒక సర్వర్‌లో ఉండేవి. లైనక్స్ మీద నడిచే యంత్రం. అలాంటి యంత్రంలో రూట్ అని ఒక పేరు ఉంటుంది. ఆ పేరుతో లోపలికి వెళ్లినవాడు యజమాని. ఏం చేసినా అడ్డు చెప్పేది ఉండదు. మా దగ్గర అయిదుగురు ఆ ఒక్క పేరుతోనే వెళ్లేవాళ్లు. పాస్‌వర్డ్ పరీక్షల ఆఫీసులో క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసి ఉండేది. లామెక్ వచ్చిన రెండో వారంలో టీ తాగే చోట ఆ ప్రస్తావన తెచ్చాడు.

"ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెడతాను. ఎవరి పేరుతో వాళ్లు లోపలికెళ్దాం. పెద్ద పని పడితే అప్పుడు మాత్రం రూట్ అధికారం అడిగి తీసుకుందాం. ఎవరు ఏం చేశారో లాగ్‌లో రాసి ఉంటుంది."

లాగ్ అంటే యంత్రం తనంతట తాను రాసుకునే రాకపోకల చిట్టా.

పరీక్షల అధికారిణి తెరెజా న్యంబాలో మాండాసి బూరె సగం కొరికి ఆపింది. "ఎవరు ఏం చేశారో నీకెందుకు బంబో? నా మొగుడు కూడా ఇన్ని ఆరాలు తియ్యడు."

అందరూ నవ్వారు. లామెక్ కూడా నవ్వాడు. "తప్పు జరిగితే దొరకాలి కదా మాయి."

"అంటే మేం తప్పులు చేస్తామనా?"

"నేను చేస్తాననుకోండి. నన్ను పట్టుకోవద్దా?"

"ఇదిగో, చేరి పదిహేన్రోజులు కాలేదు, అప్పుడే ఒప్పుకుంటున్నాడు!" అన్నాడు ఆవిడ గుమాస్తా చివావులా. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్న మనిషి, లావుగా, ఎప్పుడూ ఉతికిన బూడిదరంగు సూటులో ఉండేవాడు. అతని మాటకి మళ్లీ నవ్వారు.

ఎవరూ కొత్త పేరు పెట్టించుకోలేదు. లామెక్ ఒక్కడే తన పేరుతో వెళ్లేవాడు, మిగిలినవాళ్లంతా రూట్ చాటునే. అంతటితో ఆగలేదు. అతను గదిలోకి వస్తే మాట మార్చేవాళ్లు. పాత అలవాట్లు, పాత చిట్కాలు ఏవీ అతని చెవిన పడనిచ్చేవాళ్లు కాదు. తెలిస్తే దానికీ ఒక నియమం పెడతాడని భయం.

అతని పని తీరు కూడా భయానికి తగ్గట్టే ఉండేది. ఏ గదిలోనైనా నెట్‌వర్క్ ఆగిపోతే కంప్యూటర్ నుంచి అవతలి యంత్రానికి పింగ్ అనే పలకరింపు పంపేవాడు. జవాబు వచ్చినప్పుడల్లా టిక్కుమనేలా పెట్టేవాడు. టిక్, టిక్ అని అది కొట్టుకుంటూ ఉంటే తను బల్లల కింద పాకుతూ, సీలింగ్ చెక్కలెత్తి తల లోపలికి పెట్టి, ఒక్కో కేబుల్‌నీ కదిపేవాడు. చప్పుడు తడబడిందంటే చెడిన కేబుల్ దొరికినట్టు. మా వాళ్లు మాత్రం ఆ టిక్కులు మాటల్ని రికార్డు చేసేవని చెప్పుకున్నారు. అవి వినబడుతున్నంతసేపు స్టాఫ్ గదిలో వానల గురించీ మొక్కజొన్న గురించీ తప్ప ఇంకేమీ మాట్లాడేవాళ్లు కాదు.

ఆగస్టులో ఒక పాత కంప్యూటర్ మోసుకుని నా దగ్గరికి వచ్చాడు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు.

"దీన్ని మీ వెనకగదిలో పెట్టుకోనిస్తారా? కాలేజీలో సోలార్ బ్యాటరీ ఉన్నది మీ లైబ్రరీకే. కరెంటు పోయినా ఇది ఆగకూడదు."

"ఏం చేస్తుంది?"

"సర్వర్ తన చిట్టా తను రాసుకుంటుంది కదా. రాసిన ప్రతి ముక్కనీ అదే క్షణంలో దీనికీ పంపిస్తుంది. రూట్ పేరుతో కొట్టిన కమాండ్లు కూడా. ఇది రాసి పెట్టుకుంటుంది, అంతే."

"ఎవరు చదువుతారు?"

"ఎవరూ చదవరు. అవసరం పడేదాకా."

తెరా కీబోర్డూ తాత్కాలికంగా తగిలించి, ఏవో కొట్టి, లేచి నిలబడ్డాడు. "ఇప్పుడు మీరు కూర్చోండి. మీకు తోచిన పాస్‌వర్డ్ ఒకటి రెండుసార్లు కొట్టండి. నాకు చెప్పొద్దు." అని గోడవైపు తిరిగి, పాత అట్లాసుల వీపుల మీద పేర్లు చదువుకుంటూ నిలబడ్డాడు.

కొట్టాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తను పెట్టిన యంత్రానికి తాళంచెవి నాకెందుకు? రేపేదైనా జరిగితే తాళం లికాకు దగ్గరుందని వేలు చూపించడానికి కాదూ? మర్నాడు ఆ పాస్‌వర్డ్‌ని ఒక కార్డు మీద రాసి పుస్తకాల కార్డుల పెట్టెలో అడుగున తోసేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అతను లైబ్రరీకి వచ్చిన రోజులు, వేళలు మాత్రం డైరీలో రాసుకోవడం మొదలుపెట్టాను.

మా వైపు మండిపోయే నవంబరు ఎండల్లో వచ్చింది అసలు గొడవ. పాసైనవాళ్ల జాబితా సోమవారం గోడకి అంటించాలి. శుక్రవారం పొద్దున న్యంబాలో జాబితా అచ్చు తీసి, బయటి పరీక్షాధికారి సంతకం చేసిన కాగితంతో సరిచూసింది. పాఠం చెప్పే ప్రాక్టికల్‌లో మార్కులు మరీ ఉదారంగా ఉన్నాయని ఆ పరీక్షాధికారి పద్నాలుగు మందికి తగ్గించాడు. ఆ తగ్గించిన మార్కుల్ని గురువారం పదిగంటలకి ఆవిడే స్వయంగా సర్వర్‌లో ఎక్కించింది. శుక్రవారం చూస్తే పద్నాలుగూ మళ్లీ పెరిగి ఉన్నాయి. తప్పాల్సినవాళ్లు ఆరుగురు పాసై ఉన్నారు. ఆ ఆరుగురిలో ఒకమ్మాయి లామెక్ మరదలు, భార్యకి సొంత చెల్లెలు.

మధ్యాహ్నం రెండింటికి ప్రిన్సిపాల్ కంబ్విరి గదిలో విచారణ. సీనియర్ని కనుక నన్నూ కూర్చోబెట్టారు. మినిట్స్ రాయడానికి చివావులా. ప్రిన్సిపాల్ చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టాడు. అలా పెట్టాడంటే విషయం పెద్దదన్నమాట.

న్యంబాలో ఒక కాగితం ముందుకి తోసింది. "సర్వర్‌లో గురువారం చిట్టా ఇది. ప్రొద్దుటి నుంచి ఏమీ లేదు. నేను పదింటికి వెళ్లానే, అదీ లేదు! మొదటి పేరు సాయంత్రం నాలుగూ పదికి. చదువు బంబో, ఎవరిదో."

"నాదే," అన్నాడు లామెక్.

"ముందున్నదంతా తుడిచేశావు. నీ పేరు తుడవడం మరిచిపోయావు."

"తుడిచేవాడిని నా పేరొక్కటీ ఎందుకు ఉంచుకుంటాను మాయి? నాలుగూ పదికి వెళ్లింది నిజం. బ్యాకప్ డిస్కు నిండిందేమో చూసి వచ్చేశాను. చిట్టా ఖాళీగా ఉండటం నేనూ ఇవాళే చూస్తున్నాను."

ప్రిన్సిపాల్ అడిగాడు. "ఆ అమ్మాయి మీ ఇంట్లోనే ఉంటోందా?"

"ఉంటోంది. మా పిల్లల పక్కనే పడుకుంటుంది."

"అది చాలదూ!" అంది న్యంబాలో.

"ఒక్క మాట," అన్నాడు లామెక్. "పద్నాలుగు మార్కులూ తగ్గించక ముందు ఎంతున్నాయో సరిగ్గా అంతకే వచ్చాయి. దొంగ అయినవాడు పాతవి పాతవిగా ఎందుకు పెడతాడు? ఇంకో రెండు వేస్తాడు కదా."

"తెలివైన దొంగ వెయ్యడు. ఆశ లేని దొంగ అసలే వెయ్యడు. మరదలు గట్టెక్కితే చాలనుకుంటాడు."

లామెక్ ఆ చిట్టా కాగితాన్ని న్యంబాలో వైపు వెనక్కి జరిపాడు. "లైబ్రరీలో ఇంకో నకలు ఉంది. గురువారం జరిగినదంతా దాంట్లో ఉంటుంది," అన్నాడు.

"ఎవరు పెట్టారు దాన్ని?"

"నేనే."

న్యంబాలో పగలబడి నవ్వింది. "వింటున్నారా అయ్యగారూ! సాక్షిని కూడా తనే తయారు చేసుకున్నాడు. నువ్వు పెట్టిన యంత్రం, నువ్వు చెప్పిందే చెబుతుంది."

"నేను దాన్ని ముట్టుకోలేను," అన్నాడు లామెక్. తాళం ఎవరి దగ్గరుందో ఆ పేరు చెప్పలేదు. నా వైపు చూశాడు.

నేను బల్లమీది గడియారం వైపు చూశాను. తాళం నా దగ్గరుంది అని నాలుగు మాటలు. అన్నానంటే, ఇద్దరూ కలిసి చేశారంటారు. వెనకగదిలో ఆ పెట్టెకి చోటిచ్చింది నువ్వే కదా అంటారు. పైగా, నిజం చెప్పాలంటే, అతనే చేశాడని నాకూ సగం నమ్మకం ఉంది. మరదలంటే ఎవరికి అభిమానం ఉండదు? సెకను ముల్లు రెండు చుట్లు తిరిగింది.

తాళంచెవులు ఇచ్చి వెళ్లమన్నాడు ప్రిన్సిపాల్. సోమవారం పదింటికి మళ్లీ కూర్చుంటాం, వేరే సమాధానం లేకపోతే పదిన్నరకి పోలీసులు వస్తారు అన్నాడు. లామెక్ తాళంచెవుల గుత్తిలోంచి తన ఇంటి తాళం ఒక్కటి విడదీసుకుని, మిగతావి గడియారం పక్కన పెట్టి, అరచేతులు తట్టి నమస్కరించి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున నేను నడుచుకుంటూ లామెక్ ఉండే చినమ్వాలి వెళ్లాను. ఎందుకు వెళ్లానో అడిగితే అప్పట్లో సరైన జవాబు చెప్పగలిగేదాన్ని కాదు. అతని మీద జాలిపడి మాత్రం కాదు. నాకేదో ఉచ్చు బిగుస్తోందనీ, దాని కొసెక్కడుందో చూడాలనీ అనిపించింది.

ఇంటి ముందు అతని భార్య చాప మీద ఉసిపా చేపలు ఎండబోస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది కానీ పలకరించలేదు. ఆ మరదలు పిల్ల గుమ్మంలోంచి ఒకసారి తొంగిచూసి లోపలికెళ్లిపోయింది. కళ్లు వాచి ఉన్నాయి. లామెక్ వేపచెట్టు కింద పీట వేసుకుని చిన్న కూతురి చెప్పు కుడుతున్నాడు.

"కూర్చోండి మాయి."

"కూర్చోవడానికి రాలేదు. తాళం నాకెందుకిచ్చావో చెప్పు. తప్పు నా నెత్తిన పెట్టడానికా?"

సూది ఆపాడు. "మూడు నెలల్నించి అదే అనుకుంటున్నారా?"

"ఇంకేమనుకోవాలి?"

"నేను పుస్తకం తిరిగిస్తే మీరు ప్రతి పేజీ వెలుతురుకి పట్టి చూస్తారు. చూస్తారా లేదా?"

నాకు మొహం వేడెక్కింది. అతను చూశాడని తెలీదు.

"అందరి పుస్తకాలూ చూస్తాను," అన్నాను.

"అదే. కాలేజీలో ఎవరినీ నమ్మని మనిషి మీరొక్కరే కనబడ్డారు. స్నేహితుడికి ఇస్తే నా కోసం మారుస్తాడు. మీరు నా కోసం ఒక్క అక్షరం మార్చరు. అందుకిచ్చాను." సూది మళ్లీ తోలులోకి దించాడు. "నన్ను మీరు అనుమానించడం నాకు కావలసి వచ్చింది మాయి. శుక్రవారం నోరు విప్పకపోవడం మాత్రం కావలసి రాలేదు."

అతని భార్య చేపలు పరవడం ఆపేసి మమ్మల్ని చూస్తోంది. నేను గొంతు తగ్గించాను.

"సోమవారం నువ్వు వచ్చి తెరిచి చూపించు. కార్డు తెస్తాను."

"నేను రాను దాని దగ్గరికి. నా చెయ్యి పడితే ఆ యంత్రం ఎందుకూ పనికిరాదు. మీరే తెరవాలి, అందరి ముందూ. ఏం కొట్టాలో రాసిస్తాను, మూడే మూడు వరసలు. నమ్మకం లేకపోతే ప్రతి మాట ముందూ 'మ్యాన్' కొట్టి అర్థం చదువుకోండి. మీకు చదవడం వచ్చు కదా."

అతని నోటుపుస్తకంలోంచి చింపిచ్చిన కాగితం మడిచి నడుముకి చుట్టుకున్న చితెంజె కొంగున కట్టుకుని ఇంటికొచ్చాను. ఆదివారం చర్చి అయ్యాక లైబ్రరీ తెరిచి, వెనకగదిలో కూర్చుని, అతను చెప్పినట్టే ఆ మూడు కమాండ్ల కథలూ చదివాను. ఒకటి వెతికేది, ఒకటి తేదీ వారీగా ఏరేది, ఒకటి పేజీ పేజీగా చూపించేది. మార్చేదీ తుడిచేదీ ఒక్కటీ లేదు. అలా చదివాక కూడా గురువారం చిట్టా తెరవలేదు. ఒంటరిగా తెరిస్తే నా చెయ్యి కూడా పడినట్టే కదా.

సోమవారం పదింటికి అందరినీ లైబ్రరీకి రమ్మన్నాను. ప్రిన్సిపాల్ చిరాగ్గా వచ్చాడు. న్యంబాలో గుమ్మం దగ్గరే ఆగి, "ఇదేమిటి మాయి, నువ్వు కూడా కంప్యూటర్ డాక్టరువయ్యావా?" అంది. చివావులా మినిట్స్ పుస్తకం అట్లాసుల అరమీద పెట్టుకుని నిలబడ్డాడు. లామెక్ గదిలోకి రానే లేదు, తలుపు బయట వరండాలో నిలబడ్డాడు.

"ఈ యంత్రం పాస్‌వర్డ్ పెట్టింది నేను," అన్నాను. "అతనికి తెలీదు. ఆగస్టు నుంచి నా ఒక్కదానికే తెలుసు."

"శుక్రవారం ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ముందు ఇది చూడండి. దానికీ జవాబు చెబుతాను."

రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి తెరుచుకుంది. గురువారం చిట్టా వరసగా తెర మీదికి వచ్చింది. నాలుగూ పదికి లామెక్ పేరు తప్ప అన్నీ రూట్ పేర్లే, కానీ ప్రతి పేరు పక్కనా ఏ కంప్యూటర్ నుంచి వచ్చారో దాని అంకె ఉంది.

"పదీ ఆరు. పరీక్షల ఆఫీసు నుంచి రూట్," అని చదివాను.

"అది నేనే," అంది న్యంబాలో. "చూశారా, వెళ్లానన్నానా లేదా!"

"పన్నెండింటికి కరెంటు పోయింది. రెండింటికి వచ్చింది. రెండూ పదిహేడుకి మళ్లీ పరీక్షల ఆఫీసు నుంచి రూట్."

"అప్పుడు నేను లేను. మా పిన్నమామ దినాలకి డొమాసి వెళ్లాను. అందరికీ తెలుసు."

"కొట్టిన కమాండ్ ఒకటే ఉంది. జులో."

మా భాషలో జులో అంటే నిన్న. గదిలో ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. కానీ బయటి నుంచి లామెక్ గొంతు మొదటిసారి పైకి వచ్చింది. "ఏం కమాండ్?"

"జులో," అన్నాను మళ్లీ.

చివావులా కలం మూత పెట్టాడు. పుస్తకం మూసి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"అది నేను," అన్నాడు. "కరెంటు పోయి వచ్చాక యంత్రం సరిగ్గా లేవకపోతే జులో కొడతాం. మటేవెరే కన్నా ముందున్నాయన నేర్పాడు. నిన్న రాత్రి నకలు తెచ్చి ఇవాళ్టి దాని మీద పరుస్తుంది, అంతా బాగైపోతుంది. పదేళ్లుగా కొడుతున్నాం. ఎప్పుడూ ఏమీ కాలేదు."

"పొద్దున నేను ఎక్కించిన మార్కులు?" అంది న్యంబాలో.

"మీరు ఎక్కించారని నాకేం తెలుసు మాయి? పదింటికి నన్ను బయటికి పంపి తలుపు గడియ పెట్టుకున్నారు. సున్నితమైన పని, ఎవరూ ఉండొద్దన్నారు. టీ తాగి రమ్మన్నారు."

ఆవిడ గుమ్మం దగ్గర్నుంచి లోపలికి వచ్చి తెర చూసింది.

లామెక్ గుమ్మంలోకి వచ్చాడు కానీ గడప దాటలేదు. "డిస్కంతా పరిచేస్తుందా? చిట్టాలు కూడానా?"

"అన్నీ," అన్నాడు చివావులా. "నిన్న ఎలా ఉందో అలా."

"అందుకే గురువారం పొద్దు మాయమైంది. దాని తరువాత లోపలికెళ్లింది నేనొక్కణ్ణే." ఎవరూ అడగకుండానే అన్నాడు, "జులో అనే పేరు నేను చూశాను. జూన్‌లోనే. నకలు తీసే ప్రోగ్రాం అనుకున్నాను, తెచ్చి పరిచేది అనుకోలేదు. తెరిచి చదవలేదు. అది నా తప్పు, రాసుకోండి."

ప్రిన్సిపాల్ చివావులా వైపు తిరిగాడు. "శుక్రవారం అంతసేపూ రాస్తూ కూర్చున్నావు. అప్పుడు తట్టలేదా?"

"పదింటికి ఎక్కించాను అని మాయి అన్నప్పుడు చెయ్యి ఆగింది అయ్యగారూ. తరువాత మళ్లీ రాశాను." సూటు గుండీ ఒకటి పెట్టుకుని విప్పాడు. "రిటైరవడానికి ఎనిమిది నెలలుంది."

న్యంబాలో తెర వైపు వేలు చూపించింది. "అదంతా సరే. మనం ఏ సీట్లోంచి ఏం కొట్టామో ఇక్కడ దాచిపెట్టమని ఈయనకి ఎవరు చెప్పారు? ఆగస్టు నుంచి? దాని మీద విచారణ అక్కర్లేదా?"

"మీకు టీ దగ్గరే చెప్పాను మాయి," అన్నాడు లామెక్. "పేర్లు పెట్టుకోమన్నాను."

"పేర్లు పెట్టుకోమన్నావు. లైబ్రరీలో దాస్తానన్నావా?"

అది నిజమే. అప్పటి నుంచి అతను ఆ కాలేజీలో ఉన్న ఆరేళ్లూ దొంగ అని ఎవరూ అనలేదు గానీ, నకళ్లు దాచే మనిషి అనడం మానలేదు. అతను నడిచి వస్తుంటే వానల గురించే మాట్లాడేవాళ్లు. ఎవరి పేరుతో వాళ్లు లోపలికి వెళ్లడం మాత్రం మొదలైంది, ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరువు వచ్చింది. మొదట పేరు పెట్టించుకున్నది చివావులా. జులో అనే ప్రోగ్రాం సర్వర్‌లోంచి తీసేశారు.

ఆ రోజు పోలీసులకి రావద్దని కబురు పంపి, ప్రిన్సిపాల్ లామెక్ తాళంచెవుల గుత్తి జేబులోంచి తీసి ఇచ్చాడు. చివావులాని మినిట్స్ పూర్తి చెయ్యమన్నాడు. "మటేవెరే మీద అనుమానానికి ఆధారం లేదు అని రాసి ముగించు."

"ఇంకొకటి రాయాలి," అన్నాను. "శుక్రవారం విచారణలో కూర్చున్న లైబ్రేరియన్‌కి ఈ పాస్‌వర్డ్ తెలుసు. ఆ మాట వచ్చినప్పుడు చెప్పలేదు."

"అది అవసరమా మాయి?" అన్నాడు ప్రిన్సిపాల్.

చివావులా కలం మూత తీసి నా మొహంలోకి చూశాడు. "నిజంగా రాయనా?"

"రాయండి. నా పూర్తి పేరు రాయండి. పదవి ఒక్కటే రాస్తే రేపు ఇంకెవరి మీదికో పోతుంది."

రాశాడు. తరువాత, ఎవరూ చెప్పకపోయినా, కింద ఇంకో వరసలో తన పేరు కూడా రాసుకున్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక యంత్రం నుంచి తెర విడదీద్దామని చూస్తే ఆ తీగ ఎలా ఊడుతుందో నాకు తెలియలేదు. వరండాలోకి వచ్చాను. లామెక్ మెట్ల మీద కూర్చుని తాళంచెవుల గుత్తిలో ఇంటి తాళం మళ్లీ ఎక్కించుకుంటున్నాడు.

"శుక్రవారం నా వైపు చూశావు," అన్నాను.

"చూశాను. ఆ గడియారం ముల్లు తిరిగినంతసేపూ మీరు చెబుతారనే అనుకున్నాను."

"కోపం వచ్చిందా?"

"వచ్చింది మాయి." గుత్తి జేబులో వేసుకుని లేచాడు. "ఇంకా ఉంది. పరీక్ష తప్పావని ఈ మధ్యాహ్నం మా మరదలికి నేనే చెప్పాలి, ముందు ఆ పని చూసుకుంటాను."

మెట్లు దిగి, తలొంచుకుని, పూసిన తురాయి చెట్ల కిందుగా గేటు వైపు వెళ్లిపోయాడు. నేను లోపలికి వచ్చి డైరీలో అతని రాకపోకలు రాసుకున్న పేజీలు మొదటి నుంచి చదివాను. నేను చినమ్వాలి వెళ్లిన శనివారానికి ముందు దాకా అన్నీ ఉన్నాయి. ఒక్కటీ తప్పు లేదు. వాటి వల్ల ఎవరికీ ఏమీ తెలియలేదు.